ఏడో తెప్ప మీద ఎర్రగుడ్డ

బహుళ తదియ. ఆటు.

నాచు తాళ్ళు చివరి వరస దాకా చూసి వచ్చాను. తొమ్మిదో వరసలో ఒక ముడి వదులైతే బిగించాను. నాచు జానెడు పెరిగింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. నా తర్వాత దిగేవాడు తొమ్మిదో వరస దగ్గర కాళ్ళు ఇరికించుకోకుండా చూసుకుంటే మంచిది.

డ్యూటీ పుస్తకంలో రాయమన్నది ఇంతే. కానీ ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు. మా ఏడో తెప్ప సరంగు పోలరాజు బాబాయి నెలాఖరుకి వచ్చి సంతకం పెడతాడు, అదీ పక్కవాడితో కబుర్లు చెబుతూ. అందుకని ఇంకో సంగతి కూడా రాస్తున్నాను. నోటితో చెప్పలేనిది చేత్తోనైనా కక్కకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

నాకు దురద. ఎక్కడంటే, మగాడు నలుగురిలో గోక్కోలేని చోట.

పోయిన నెల పున్నమికి మాకు కొత్త తోళ్ళు ఇచ్చారు. పాతవి రబ్బరువి. దిగేముందు వేసుకుని, పైకి రాగానే విప్పి పారేసేవాళ్ళం. కొత్తవి నాచుతోనే పెంచిన పొరలు. మెడ నుంచి మడమ దాకా ఒంటికి అతుక్కుంటాయి. చలి తెలియనివ్వవు, చెమట అవే తాగేస్తాయి, ఒంటేలుకి గొట్టం ఉంటుంది. వారానికోసారి విప్పితే చాలని తెచ్చినవాళ్ళు చెప్పారు. విప్పి తొడుక్కునే టైములో ఇంకో వరస నాచు కోయొచ్చని సరంగు లెక్క. మాకూ బాగానే అనిపించింది. బద్ధకస్తుడికి బట్టలు విప్పక్కర్లేదంటే పండగే కదా.

శుద్ధ దశమికి నా పెళ్ళి. మూడో తెప్పలో నాచు ఎండబెట్టే కొట్టు నడిపే నూకరత్నంతో. నాకు నలభై ఆరు. మొదటి ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. రత్నానికీ ఇది రెండోదే. మొదటిసారి ఆమె కొట్టుకి బస్తాలు వేసినప్పుడు, "ఇది నాచా, ఇసక బస్తానా? దులిపి తేవడానికి సేతులు పడిపోయాయా?" అని తిట్టింది. ఆ గొంతు నాకు అప్పుడే నచ్చింది. పెళ్ళికి ఎర్రచీర కూడా కొని పెట్టాను.

ఇప్పుడేమో ఈ పీడ.

బహుళ పంచమి. పోటు.

వరసలన్నీ బాగున్నాయి. రెండో వరసలో పీతలు.

దురద తగ్గలేదు. పచ్చనీళ్ళతో కడుగుతున్నాను.

తీరం మునిగి మా తాతలు తెప్పల మీదికి వచ్చాక, ఒకప్పుడు బొబ్బల జబ్బు వచ్చింది. ఒక్క తెప్పకి వస్తే పక్క తెప్పకి పాకేది. చాలామంది పోయారు. అప్పుడు వచ్చినవే ఈ పచ్చనీళ్ళు. నీళ్ళ నుంచి పైకొచ్చినవాడు తోలు మీద ఇవి చల్లుకున్నాకే తెప్పమీద కాలు పెట్టాలి. చిన్నప్పటినుంచి మాకు పచ్చనీళ్ళంటే దేవుడి తీర్థంతో సమానం. బొబ్బల్నే చంపింది, నా దురదొక లెక్కా అనుకున్నాను. తోలు కింది భాగం విప్పి, గుడ్డ ముంచి, ముందూ వెనకా, మడతల్లోనూ రుద్దాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట పుట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే అని ఓర్చుకున్నాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మండిన కాసేపు దురద తెలియదు. అదొక్కటే సుఖం.

ఎవరికైనా చెప్పొచ్చు కదా అంటే, చెప్పలేను. ఒంటిమీద ఏం లేచినా తెప్ప గుంజకి ఎర్రగుడ్డ కట్టాలన్నది అన్ని తెప్పలకీ ఒకటే నియమం. కడితే పక్క తెప్పలవాళ్ళు మన తాళ్ళు విప్పేసి దూరం జరుగుతారు. డాక్టరు పడవా, మంచినీళ్ళ పడవా తప్ప ఇంకేదీ రాదు. ఆరో తెప్పవాళ్ళు ఒకసారి ఎవడికో చెమటకాయలు లేస్తే భయపడి కట్టేశారు. ఆ యేడు నాచు అంతా కుళ్ళిపోయింది. ఇప్పటికీ దాన్ని గోకుడు తెప్ప అనే పిలుస్తారు. ఆ తెప్పకి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకి రారు.

నేను నోరు విప్పితే మా తెప్పకీ అదే పేరు వస్తుంది. దశమికి పెళ్ళి పడవ కూడా రాదు.

బహుళ అష్టమి. ఆటు.

నాచు కోశాం. బస్తాలు ఎక్కువే వచ్చాయి.

సరుకుల పడవ వచ్చింది. షావుకారు దగ్గర అన్ని రకాల మలాములూ ఉంటాయి. పెద్ద గొంతుతో చిన్న దువ్వెన అడిగి, చిన్న గొంతుతో దురద మలాము అడిగాను. వాడు కనురెప్ప కూడా వేయకుండా రెండు ట్యూబులు నా చేతిలో పెట్టాడు.

"ఒకటి చాలు," అన్నాను.

"రెండు తీసుకోండి బాబూ, అందరూ రెండే తీసుకుంటన్నారు," అన్నాడు.

అందరూ అంటే ఎవరని నేను అడగలేదు. నా దురద నాది.

రాసుకున్న పావుగంటకి ఆహా అనిపించింది. ఎరుపు తగ్గింది, మంట తగ్గింది. సాయంత్రం తెప్ప చివర కూర్చుని పాట కూడా పాడుకున్నాను. నా జతగాడు తాతబ్బాయి, "ఏం బావా, పెళ్ళికళ వచ్చేసిందే!" అన్నాడు.

బహుళ ఏకాదశి. పోటు.

నాలుగో వరస తెగింది. కొత్త తాడు కావాలి.

మలాము పని అయిపోయింది. అయిపోవడమేంటి, తిరగబడింది. రాసినంతసేపే ఉపశమనం, మానేస్తే ముందుకంటే ఎక్కువ. మచ్చ గజ్జల్లోంచి తొడల మీదికి పాకింది, అంచులు ఎర్రగా చక్రంలా తేలాయి. చర్మం ఉల్లిపొర అయిపోయింది. ముందరి చర్మం కింద సన్నని చీలికలు, పైన తెల్లగా పెరుగు తోడులాంటిది. ఒంటేలు పోసుకుంటే పుండు మీద కారం చల్లినట్టుంది.

మళ్ళీ పచ్చనీళ్ళు. దాని మీద మలాము. దాని మీద తోలు. చదివేవాడికి నవ్వు రావచ్చు. నాకు రావడం లేదు.

బహుళ త్రయోదశి. ఆటు.

ఈరోజు పని గురించి తర్వాత రాస్తాను. ముందు ఇది.

మధ్యాహ్నం బస్తాల వెనక్కి వెళ్ళాను, సీసాలో పచ్చనీళ్ళు పట్టుకుని. అక్కడ ఎవరూ ఉండరు. తోలు మోకాళ్ళ దాకా దింపాను. గుడ్డ తడిపాను. ఇంతలో బస్తాల అవతల నుంచి, "అమ్మ నాయనో!" అని సన్నని మూలుగు. తొంగి చూస్తే తాతబ్బాయి. వాడి తోలూ మోకాళ్ళ దగ్గరే ఉంది. వాడి చేతిలోనూ అదే సీసా.

ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"నీకూనా?" అన్నాను.

"నీకూనా బావా? నేనింకా నాకొక్కడికే ఏదో పాపం తగిలిందనుకున్నా. మా ఆడది మొగం సూడనంటంది. ఎక్కడ తిరిగొచ్చావని రోజూ గొడవే. ఈ తెప్ప మీంచి ఎక్కడికి తిరుగుతానే, సముద్రంలోకా అంటే వినదు!"

నవ్వు ఆగలేదు. నవ్వితే తొడలు రాసుకుంటాయి, రాసుకుంటే మండుతుంది. ఇద్దరం కాళ్ళు ఎడం చేసుకుని నిలబడి నవ్వాం, అయ్యో అయ్యో అంటూనే.

తర్వాత ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అంటే కూర్చోలేదు, నిలబడే వేశాం. ఈ మధ్య ఎవడు కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు, ఎవడు బిందెల వెనక మాయమవుతున్నాడు. నీళ్ళలోకి దిగే ఒక్క మగాడు కూడా మిగల్లేదు. సరంగు బాబాయి కొన్నాళ్ళుగా అన్నం నిలబడి తింటున్నాడు. ఎందుకంటే నడుం నొప్పి అన్నాడు. మేమూ నమ్మాం.

అమావాస్య.

అమావాస్యకి దిగం. సరంగు గదిలో మగాళ్ళ కూటం పెట్టాం. ఒక్కొక్కడూ తల వంచుకుని ఒప్పుకున్నాడు. చివరికి సరంగు కూడా ఒప్పుకున్నాడు, గోడ వైపు తిరిగి.

"ఇది బొబ్బలే అయితే?" అని తాతబ్బాయి అడిగాడు.

"కాదు," అన్నాడు సరంగు.

"నీకెలా తెలుసు బాబాయ్?" అన్నాను.

"తెలవదు. కానీ కాదనే అనుకోవాలి. ఎర్రగుడ్డ కడితే ఏమవుద్దో తెలుసు కదా? నాచు ఎవడూ కొనడు. రేపు మన పిల్లల్ని గోకుడోళ్ళంటారు. పచ్చనీళ్ళు ఇంకో రెండు పీపాలు తెప్పిస్తా. అందరూ బాగా కడుక్కోండి. బయటికి మాట పొక్కకూడదు."

అందరూ బుర్రలు ఊపారు. నేనూ ఊపాను. తర్వాత నా గదిలో పడుకుని ఆలోచించాను. తాతబ్బాయిది వాడి పెళ్ళాంతో తగువు. నా పెళ్ళింకా కానే లేదు. ఇది అంటుజబ్బే అయితే, దశమి రోజున నేను తాడు అందుకుని రత్నాన్ని ఈ తెప్ప మీదికి తెచ్చుకుని, తెలిసి తెలిసి ఆమెకి అంటిస్తానా?

మా దగ్గర పెళ్ళంటే తాడే. పెళ్ళికూతురు పడవలో నిలబడి తాడు విసురుతుంది, పెళ్ళికొడుకు అందుకుని తన తెప్ప గుంజకి కడతాడు. తాడు జారితే ఏడాదంతా ఎగతాళి చేస్తారు. నాకు తాడు జారుతుందని భయం లేదు. పట్టుకోవడానికే భయంగా ఉంది.

శుద్ధ విదియ. పోటు.

నీళ్ళ పడవతో మూడో తెప్పకి కబురు పంపాను. పెళ్ళి వాయిదా అని. ఎందుకో చెప్పలేదు.

మధ్యాహ్నానికే రత్నం తన పడవ తనే వేసుకుని వచ్చింది. తెప్పకి కట్టలేదు. అందేంత దూరంలో తెడ్డు ఆపి నిలబడింది.

"ఏం లోవరాజూ, నీళ్ళోడి సేత సెప్పిస్తావా? నోరు లేదా నీకు?"

"కొంచెం ఒంట్లో బాగోలేదు రత్నం."

"ఏం బాగోలేదు?"

నేను ఏం చెప్తాను? వెనక సరంగు దగ్గుతున్నాడు. తాతబ్బాయి వల బాగు చేస్తున్నట్టు నటిస్తున్నాడు. నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఇంకెవరైనా ఉంటే సెప్పెయ్యి. ఏడవను."

"అమ్మతోడు, ఎవరూ లేరు."

"మరేంటి?"

వెనక సరంగు మళ్ళీ దగ్గాడు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. భయంగా చూసింది.

"మా ఆయన కూడా ఇలాగే నిలబడేవోడు," అంది. "ఆయనకి సుగరు. కాలికి ఆల్చిప్ప గీరుకుంది. నాతో సెప్పలేదు. గుడ్డ సుట్టి, దాని మీద మేజోడు తొడిగి తిరిగాడు. నేను బాధపడతానంట! వాసనొచ్చాక సూశాను. మోకాలి దాకా తీసేశారు. అయినా దక్కలేదు. జబ్బొచ్చినోడి మీద నాకు కోపం లేదు లోవరాజూ. దాసిపెట్టినందుకు ఆయన మీద ఇయ్యాల్టికీ కోపమే. నాకు ఇంకో దాపరికం మొగుడు వద్దు."

తెడ్డు తిప్పి వెళ్ళిపోయింది.

శుద్ధ తదియ. ఆటు.

దిగలేదు.

పొద్దున్నే సరంగు దగ్గరికి వెళ్ళి ఎర్రగుడ్డ ఇమ్మన్నాను. లేదన్నాడు. పెట్టెలో ఉంటుంది కదా అంటే, పెట్టె తాళం పోయిందన్నాడు. తాళం ఆయన మొలతాడుకే వేలాడుతోంది, నాకు కనిపిస్తూనే ఉంది.

నా గదికి వచ్చాను. రత్నం కోసం కొన్న చీర తీశాను. ఎర్రదే కదా. గుంజ ఎక్కి పైన కట్టేశాను. ఎక్కుతుంటే తొడలు ఎంత మండాయో దేవుడికే తెలుసు.

తెప్పంతా గగ్గోలు. సరంగు కింద నిలబడి నన్ను తిట్టని తిట్టు లేదు. "దింపరా యెదవా! తెప్ప పరువు గంగలో కలిపావు కదరా!"

"మనం ఉన్నదే గంగలో కదా బాబాయ్," అన్నాను పైనుంచి. దిగాక ఒక దెబ్బ కొట్టాడు. పెద్దాయన, ఊరుకున్నాను.

ఎనిమిదో తెప్పవాళ్ళు చూస్తుండగానే తాళ్ళు విప్పేసుకున్నారు. దూరంగా మూడో తెప్ప చిన్న గీతలా కనిపిస్తోంది. అక్కడివాళ్ళకీ కనిపించే ఉంటుంది. రత్నం కంటికి అది గుడ్డలా కనిపించిందో చీరలా కనిపించిందో నాకు తెలియదు.

శుద్ధ చవితి. ఆటు.

డాక్టరు పడవ వచ్చింది. డాక్టరు కృపావతి గారు. ఆడ డాక్టరని చూసి సగంమంది అటూ ఇటూ జారుకోబోయారు. ఆవిడ తెప్పమీద కాలు పెడుతూనే కేకేసింది.

"ఏమయ్యా, మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే. నాకు సిగ్గులేదు. మీకెందుకు? వరసలో రండి."

దుప్పటి అడ్డం కట్టి ఒక్కొక్కణ్ణీ చూసింది. ముగ్గుర్ని చూసేసరికే బయటికి వచ్చింది, ముక్కు పైకెత్తి.

"ఈ వాసనేంటి?"

"పచ్చనీళ్ళండి," అన్నాడు సరంగు.

"తోలు మీద కదా చల్లుకోవాలి?"

తాతబ్బాయి సీసాని కాలితో బస్తా వెనక్కి తోశాడు.

"ఒంటిమీద రాశారా? అక్కడా?"

"శుభ్రంగా ఉంటుందనండి," అన్నాడు తాతబ్బాయి.

ఆవిడ బల్ల మీద కూలబడి నుదురు కొట్టుకుంది. "అది చెక్కల మీదా తోళ్ళ పైనా క్రిముల్ని చంపే మందయ్యా బాబూ! తోళ్ళు లోపల కూడా దీంతోనే ఉతుకుతున్నారా?"

ఉతుకుతున్నాం. మంచినీళ్ళు తక్కువని జాడించకుండానే ఆరేస్తున్నాం.

ఇది బొబ్బలు కాదంది. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి గాలిలో పాకేదీ కాదు. వారం రోజులు విప్పని తోలు, లోపల చెమట, ఉప్పు, రాపిడి, జాడించని మందు. చాలామందికి అంతే, చర్మం అలిగింది. కొందరికి ఆ తడిలో తామర కూడా పట్టింది. దానిమీద షావుకారు మలాము. అందులో కలిపేదొకటి ఎరుపుని అప్పటికప్పుడు నొక్కేస్తుందట, చర్మాన్ని పల్చన చేస్తుందట, కింద తామర మాత్రం హాయిగా పెరుగుతుందట. దురదకి కారణం ఒకటే ఉండదని, అందరికీ ఒకే మలాము పనికిరాదని చెప్పింది. ఎవరికి ఏది రాయాలో చూసి తనే ఇచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళకి దురదగా ఉంటే వాళ్ళనీ రమ్మంది.

"పైకి రాగానే తోలు విప్పండి," అంది. "మంచినీళ్ళతో కడగండి. సబ్బు వద్దు, ఏ నీళ్ళూ వద్దు, సెంటు వద్దు. రుద్దొద్దు. మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టుకోండి. వదులు పంచె కట్టుకుని గాలి తగలనివ్వండి. ఎర్రగుడ్డ దింపెయ్యండి, కాయితం నేనిస్తాను."

"మంచినీళ్ళంటే..." అని సరంగు నసిగాడు.

"మనిషికో చెంబు. అదీ ఇవ్వలేకపోతే కొత్త తోళ్ళు తిరిగి ఇచ్చెయ్యి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తాతబ్బాయి అయితే వాళ్ళావిడని కేకేసి పిలిచి, "ఇన్నావా? పచ్చనీళ్ళంట! పచ్చనీళ్ళు!" అని ఎగిరి గంతేశాడు. వెంటనే అయ్యో అని కూర్చుండిపోయాడు.

నన్ను చివర్న చూసింది. ఎక్కువసేపు చూసింది.

"నీది వాళ్ళలాగా లేదు. ఈ తెల్లటిదీ, చీలికలూ ఎప్పట్నించి? ముందరి చర్మం వెనక్కి తీసి కడుగుతున్నావా?"

"మంటకి ముట్టుకోలేకపోతన్నానండి."

"బలవంతంగా లాగకు, వచ్చినంతవరకే. కడిగి, ఆరాక మళ్ళీ ముందుకి తెచ్చెయ్యాలి. వెనక ఉండిపోయి వాచిందంటే మాత్రం ఆ పూటే నా దగ్గరికి రావాలి, ఆగకూడదు. దాహం ఎక్కువేస్తోందా?"

"ఉప్పునీళ్ళలో బతికేవాడికి దాహం వేయదా అండీ?"

"ఒంటేలుకి ఎన్నిసార్లు వెళ్తున్నావు?"

"గొట్టం ఉంది కదండీ. లెక్కేం తెలుస్తుంది?"

ఆవిడ నవ్వలేదు. నా వేలు గుచ్చి, రక్తం చుక్క చిన్న మిషనులో పెట్టింది. అంకె చూసి మళ్ళీ గుచ్చింది.

"సుగరయ్యా. కొత్తది కాదు, కొన్నాళ్ళ నుంచి ఉండుంటుంది. ఒంటేల్లో చక్కెర పోతుంటే అక్కడ బూజు పట్టక ఏం చేస్తుంది? మామూలుగా అయితే ఊరికే ఒంటేలుకి పరిగెడుతున్నావని నీకే తెలిసేది. ఆ గొట్టం తెలియనివ్వలేదు. ఈ దురదే రాకపోతే ఇంకా ఆలస్యంగా, కాల్లోనో కంట్లోనో బయటపడేది."

కాల్లో అనగానే నా కాళ్ళ వైపు చూసుకున్నాను. ఎంత చెడ్డ రాత! రత్నం మొగుణ్ణి తీసుకుపోయిన జబ్బే, ఏరి ఏరి నాకే రావాలా?

మందులిచ్చింది. బెల్లం, తీపి మానమంది. చీలికలు పూర్తిగా మానేదాకా సంసారం వద్దంది. పెళ్ళవుతోందని చెప్పాను. "అయితే ముందు ఆవిడకి చెప్పు," అంది.

శుద్ధ షష్ఠి. పోటు.

తోలు తీసి, చెంబుడు మంచినీళ్ళు పోసుకుని, పంచె కట్టుకుని గాలికి కూర్చున్నాను. మిగతావాళ్ళకి ఎరుపు చాలా తగ్గింది. నాది మంట తగ్గింది, చీలికలు ఇంకా ఉన్నాయి. సరంగు నా పక్కకి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఒరే లోవరాజూ, నే కూకోవచ్చో లేదో ఆ డాక్టరమ్మని అడిగావా?" అన్నాడు. కూర్చోవచ్చన్నాను. జాగ్రత్తగా కూర్చుని, "హమ్మయ్య," అన్నాడు. కొట్టిన దెబ్బ గురించి ఏమీ అనలేదు. ఇంకో చెంబు నీళ్ళు మాత్రం పంపించాడు.

మంట తగ్గాక ఇవాళే గుంజ ఎక్కి ఎర్రచీర దింపాను. ఉప్పుగాలికి ఒక పక్క వెలిసిపోయింది. మడత పెట్టి సంచిలో పెట్టుకుని, పడవ వేసుకుని మూడో తెప్పకి వెళ్ళాను. తెప్ప ఎక్కలేదు. పడవలోనే నిలబడి పిలిచాను. రత్నం కొట్టులోంచి వచ్చి గుంజ దగ్గర నిలబడింది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్ళు నాచు దులుపుతూ చెవులు రిక్కించారు. విననీ అనుకున్నాను.

అంతా చెప్పాను. ఎక్కడ దురదో, ఏం రాశానో, ఎందుకు నోరు మూసుకున్నానో, గుడ్డ దొరక్క చీర కట్టిందీ. డాక్టరమ్మ అన్నది అన్నట్టు చెప్పాను, సంసారం వద్దన్న మాట కూడా. ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కుమంది. రత్నం వెనక్కి ఒక చూపు చూసింది, ఆ నవ్వు ఆగిపోయింది.

చివరిది చెప్పే ముందు తెడ్డు పడవలో పడేశాను.

"నాకూ సుగరుంది రత్నం. నిన్న కాక మొన్నే తెలిసింది. నీకే ముందు సెప్తన్నా. తాతబ్బాయికి కూడా సెప్పలేదు. నువ్వు వద్దంటే నేనేమీ అనుకోను. సచ్చేదాకా బాధపడతాను, అంతే."

ఆమె మొహంలో రంగు పోయింది. గుంజ పట్టుకుని నిలబడింది.

"మందేసుకుంటన్నావా?"

"ఆయ్. రెండు పూటలా."

చెయ్యి చాపింది. చీర సంచి ఇచ్చాను. తీసుకుని కొట్టులోకి వెళ్ళిపోయింది. నేను కాసేపు చూశాను. బయటికి రాలేదు. తిరిగి వచ్చేశాను.

శుద్ధ నవమి. ఆటు.

ఎనిమిదో తెప్పవాళ్ళు తాళ్ళు మళ్ళీ కట్టారు. నాచు కొంటారట. ఐదో తెప్ప నుంచి ఇద్దరు మగాళ్ళు చాటుగా వచ్చి, "ఆ డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందండీ?" అని అడిగి వెళ్ళారు. ఇద్దరూ కాళ్ళు ఎడం చేసుకునే నడిచారు.

మూడో తెప్ప నుంచి కబురు లేదు. అన్నం సయించలేదు.

శుద్ధ దశమి. పోటు.

ఈరోజు దిగలేదు. వరసలు చూడలేదు.

ముహూర్తానికి తెల్ల పంచె కట్టుకుని గుంజ దగ్గర నిలబడ్డాను. వాయిదా అన్నది నేనే, రమ్మని అనలేదు కూడా. అయినా నిలబడ్డాను. తాతబ్బాయి నా పక్కనే ఉన్నాడు, ఏమీ మాట్లాడకుండా. వాడు మాట్లాడకుండా ఉండడం నేను మొదటిసారి చూశాను.

పడవ వచ్చింది. రత్నం ముందు నిలబడి ఉంది. అదే చీర, ఒక పక్క వెలిసినదే. చేతిలో తాడు చుట్ట. మా తెప్పవాళ్ళు కేకలు పెట్టారు. నేను చేతులు చాపాను.

"ఆగు," అంది. "ముందు కాళ్ళు సూపించు."

"ఏంటి?"

"కాళ్ళు. అక్కడ కూకుని ఇటు పెట్టు."

జనం నవ్వారు. నేను తెప్ప అంచున కూర్చుని రెండు కాళ్ళూ పడవ వైపు చాపాను. ఆమె మోకాళ్ళ మీద వంగి కుడికాలు చేతిలోకి తీసుకుంది. అరికాలు చూసింది. ఒక్కొక్క వేలూ విడదీసి, మధ్యలో చూసింది. తర్వాత ఎడమకాలు. నవ్వేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

"ఈ మడమ పగులు ఎప్పట్నించి?"

"చలికాలం నుంచి."

"రోజూ సూస్తాను. పొద్దునొకసారి, సందేళొకసారి. ఎక్కడ సూపించమంటే అక్కడ సూపించాలి. సిగ్గు పడ్డావో, తాడు కోసుకుని పోతాను."

"ఆయ్," అన్నాను. కళ్ళు నిండిపోయాయి.

కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాను. ఆమె తాడు విసిరింది. కోపంగానే విసిరినట్టుంది, నేరుగా వచ్చి ఛాతీకి తగిలింది. జారనివ్వలేదు. గుంజకి రెండు ముడులు వేశాను. లాగి చూశాను, గట్టిగానే ఉన్నాయి.